బైబిలు ప్రవచనాలు, యూదులు, క్రైస్తవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్నప్పుడు మా సంఘంలో గోడకు ఒక పెద్ద పటం వేలాడుతూ ఉండేది. సృష్టి దగ్గర మొదలై వెయ్యేళ్ల పాలన దాకా వంపుగీతలు, మధ్యలో ఎర్ర సిరాతో 1948, అంటే ఇశ్రాయేలు దేశం ఏర్పడిన ఏడాది. ఆ పటంలో యూదులు ప్రతి మలుపులోనూ కనిపించేవారు. ఒక యూదుడు ఆ పటాన్ని చూస్తే ఏమనుకుంటాడు అని మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. చాలా ఏళ్ల తరువాత బైబిలు తరగతి నడిపేటప్పుడు ఎదురైన ప్రశ్నలివి. నేను క్రైస్తవుణ్ణి. యూదుల తరఫున మాట్లాడే అధికారం నాకు లేదు. వాళ్లు రాసుకున్నవి చదివి తెలుసుకున్నంత చెబుతాను.

ప్రవచనం అంటే జోస్యమేనా? మన కాలజ్ఞానంలాంటిదా?

తెలుగులో ఈ మాటే కొంత తికమక పెడుతుంది. గుడిలో పురాణ ప్రవచనం అంటే పండితుడు చెప్పే వ్యాఖ్యానం. చర్చిలో ప్రవచనం అంటే జరగబోయేది ముందే చెప్పడం. హీబ్రూ ప్రవక్తల పని ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. చెప్పుల జోడు ఖరీదుకు బీదవాణ్ణి అమ్మేసిన వాళ్లను ఆమోసు నిలదీశాడు. అది భవిష్యత్తు చెప్పడం కాదు, ఎదురుగా జరుగుతున్నదాన్ని దేవుడి కళ్లతో చూసి చెప్పడం.

వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం గురించి మాట్లాడేటప్పుడు చెప్పింది జరిగిందా లేదా అని లెక్క చూస్తాం. ఆ లెక్కతో చూస్తే యోనా ఓడిపోయిన ప్రవక్త. నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందన్నాడు, కాలేదు. ఊరు మారింది, దేవుడు మనసు మార్చుకున్నాడు, యోనా అలిగి ఊరి బయట పందిరి వేసుకుని కూర్చున్నాడు. యూదులు ఈ పుస్తకాన్ని ఏడాదిలో అన్నిటికన్నా గంభీరమైన ఉపవాస దినం యోమ్ కిప్పూర్ నాటి మధ్యాహ్నం చదువుతారు. జరగకుండా పోయిన ప్రవచనాన్ని ఏరికోరి ఆ రోజున చదువుకునే జనం ప్రవచనాన్ని రైళ్ల సమయపట్టికలా చూడరని వేరే చెప్పనక్కరలేదు.

యూదుల బైబిలూ మన పాత నిబంధనా ఒకటేనా?

ప్రొటెస్టెంటు పాత నిబంధనలో ఉన్న పుస్తకాలే, వరుస వేరు. యూదులు వాటిని 24గా లెక్కిస్తారు, మనం 39గా. తోరా (మోషే ఐదు పుస్తకాలు), ప్రవక్తలు, రచనలు అని వాళ్లకు మూడు భాగాలు. దానియేలు ప్రవక్తల్లో ఉండడు, కీర్తనలు, సామెతలు ఉన్న మూడో భాగంలో ఉంటాడు.

చివరి పుట చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మన పాత నిబంధన మలాకీతో ముగుస్తుంది: ఏలీయా వస్తాడు. పేజీ తిప్పితే మత్తయి, కాసేపటికే బాప్తిస్మమిచ్చు యోహాను. యూదుల బైబిలు దినవృత్తాంతాలతో ముగుస్తుంది: పారసీక రాజు కోరెషు చెరలో ఉన్నవాళ్లను యెరూషలేముకు బయలుదేరి వెళ్లమంటాడు. ఒకటి రాబోయే మనిషి వైపు చూస్తూ ఆగుతుంది, మరొకటి చేయాల్సిన ప్రయాణం వైపు. పుస్తకాల వరుస కూడా ఒక వ్యాఖ్యానమే.

యేసు గురించి అంత స్పష్టంగా రాసి ఉంటే యూదులు ఎందుకు ఒప్పుకోరు?

నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. “అంత స్పష్టంగా” అన్న మాట దగ్గరే చిక్కు ఉంది.

యెషయా 7:14 తీసుకోండి. హీబ్రూలో ఉన్న “అల్మా” అంటే పడుచు పిల్ల. యేసుకు ముందే గ్రీకులోకి అనువదించిన యూదులు అక్కడ “పార్థెనోస్”, అంటే కన్య, అని రాశారు. మత్తయి ఆ గ్రీకు మాటను అందుకున్నాడు. కానీ యెషయా మాట్లాడుతున్నది యూదా రాజు ఆహాజుతో, ఇద్దరు శత్రు రాజులు మీదికి వస్తున్న గడియలో. ఆ శిశువు మంచిచెడ్డలు తెలుసుకునేలోగా ఆ ఇద్దరి దేశాలూ పాడవుతాయన్నది గురుతు. యూదు పాఠకుడు ముందు దాన్ని ఆ కాలానికి చెందిన మాటగానే చదువుతాడు. అది మొండితనం కాదు, అక్కడ రాసి ఉన్నది చదవడం.

యెషయా 53 సంగతీ అంతే. బాధపడే ఆ సేవకుడు ఇశ్రాయేలు జనమేనని 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ చెప్పాడు. నాలుగు అధ్యాయాల ముందు, 49:3లో, దేవుడు సేవకుణ్ణి “ఇశ్రాయేలూ” అనే పిలుస్తాడు. రెండు మూడు వచనాలు దాటితే అదే సేవకుడు ఇశ్రాయేలును తిరిగి తీసుకురావాలని కూడా ఉంది. కాబట్టి ఇక్కడ ఎవరికీ తేలికైన దారి లేదు.

1263లో బార్సిలోనాలో ఆరగాను రాజు జేమ్స్ ఎదుట ఒక వాదం జరిగింది. క్రైస్తవం పుచ్చుకున్న పాబ్లో క్రిస్టియాని ఒకవైపు, గొప్ప యూదు పండితుడు నహ్మనిదెసు మరోవైపు. మెస్సీయ, అంటే దేవుడు పంపుతానన్న అభిషిక్తుడు, వచ్చినప్పుడు జనాలు కత్తులు సాగగొట్టి నాగటి కర్రులు చేసుకుంటారని యెషయా అన్నాడు కదా, యేసు నాటి నుంచి నేటి వరకు లోకమంతా దౌర్జన్యంతోనే నిండి ఉంది కదా అని నహ్మనిదెసు అడిగాడు. యుద్ధం మానేస్తే రాజుకూ ఆయన యోధులకూ ఎంత కష్టమో అని ఒక చురక కూడా అంటించాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ అక్కడే ఉంది. “మిగిలినది రెండవ రాకడలో” అన్నది మన జవాబు. అంటే యెషయా 2 ఇంకా నెరవేరలేదని మనమూ ఒప్పుకున్నట్టే.

నాకు తోచింది ఇది. లూకా సువార్తలో, యేసు మరణం తరువాత ఎమ్మాయు దారిలో నడుస్తున్న శిష్యులిద్దరికీ లేఖనాలు చిన్నప్పటి నుంచి తెలుసు, అయినా అర్థం కాలేదు. పునరుత్థానం తరువాతే, వెనక్కి తిరిగి చూసినప్పుడే, అవి వాళ్లకు క్రీస్తును చూపాయి. ఆ అనుభవం లేనివాడికి అదే వచనం వేరుగా వినిపిస్తే తప్పు అతని కళ్లదని అనలేం. రోములోని పాపల్ బైబిలు కమిషను 2001లో వెలువరించిన పత్రం, యూదుల పఠనం సాధ్యమైన పఠనమేననీ, మెస్సీయ కోసం వాళ్ల ఎదురుచూపు వ్యర్థం కాదనీ చెప్పింది.

దేవుడు ఇశ్రాయేలును వదిలేసి సంఘాన్ని ఎన్నుకున్నాడు కదా?

రోమీయులకు వ్రాసిన పత్రికలో 9, 10, 11 అధ్యాయాలు కలిపి 90 వచనాలు. పౌలు ఈ ప్రశ్ననే వేసుకుని, అలా అనరాదని గట్టిగా కొట్టిపారేశాడు. తరువాత ఒలీవ చెట్టు ఉపమానం చెప్పాడు.

అంటు కట్టడం తెలిసిన మన రైతుకు ఈ ఉపమానం మొదట తలకిందులుగా కనిపిస్తుంది. మామిడి అంటు కట్టేవాళ్లు నాటు మొక్క మీద బంగినపల్లి కొమ్మ కడతారు. వేరు మోటుదైనా కాయ మేలైనది కావాలి కదా. పౌలు చెప్పింది దీనికి ఎదురు: మేలైన ఒలీవ వేరు మీద అడవి కొమ్మ. ఆ అడవి కొమ్మలే అన్యజనులు, అంటే యూదులు కాని మనం. ఇది స్వభావానికి విరుద్ధమని ఆయనే 11:24లో అంటాడు, పొరపాటున రాసింది కాదు. మన కాయ మేలైనదని ఎవరూ మనల్ని తెచ్చి కట్టలేదు. “నువ్వు వేరును మోయడం లేదు, వేరే నిన్ను మోస్తోంది” అన్న హెచ్చరిక ఆ వరసలోనే వస్తుంది. విరిగిన కొమ్మల మీద గర్వపడవద్దంటాడు. వాటిని తిరిగి కట్టడం దేవుడికి ఇంకా తేలిక అంటాడు.

11:29లో దేవుడి వరాలూ పిలుపూ వెనక్కి తీసుకోనివి అన్నాడు. 11:26లో “ఇశ్రాయేలంతా రక్షణ పొందుతుంది” అన్నాడు. ఇక్కడ వ్యాఖ్యాతలు విడిపోతారు. కాల్విను దాన్ని యూదులూ అన్యజనులూ కలిసిన దేవుని జనమంతా అన్నాడు. అధ్యాయమంతా అన్యజనులకు ఎదురుగా నిలబెట్టిన “ఇశ్రాయేలు” ఒక్క వచనంలో ఎలా అర్థం మార్చుకుంటుందని మరికొందరు అడుగుతారు. నేను రెండోవారి పక్షం. “ఎలా, ఎప్పుడు” అని మాత్రం పౌలు చెప్పలేదు. చెప్పకుండా దేవుడి జ్ఞానం లోతును తలచుకుని స్తుతిలోకి వెళ్లిపోయాడు.

యిర్మీయా 31లోని కొత్త నిబంధన మాటేమిటంటారా? ఆ వచనం మరోసారి చదవండి. నిబంధన ఇశ్రాయేలు వంశంతోనూ యూదా వంశంతోనూ అని ఉంది. మనం ఆ ఇంటికి అతిథులుగా వచ్చి చేరినవాళ్లం.

మరి వదిలేశాడన్న బోధ ఎక్కడి నుంచి వచ్చింది?

చాలా పాతది. రెండో శతాబ్దంలో మార్సియను పాత నిబంధననే తీసేయమన్నాడు. సంఘం అతణ్ణి వెలివేసి మంచి పని చేసింది. కానీ పుస్తకాన్ని ఉంచుకుని, ఆ పుస్తకపు జనాన్ని పక్కకు నెట్టింది. యూదులు మన కోసం పుస్తకాలు మోసే సేవకులని ఆగస్టీను అన్నాడు. వాళ్లను చంపకూడదన్నది కూడా ఆయన వాదమే. మధ్యయుగంలో ఆ మాట కొంత కాపాడింది, కొంత అవమానించింది. 1543లో లూథరు యూదుల ప్రార్థనాస్థలాలైన సమాజమందిరాలను తగలబెట్టమని రాశాడు. నాజీలు నాలుగు శతాబ్దాల తరువాత ఆ రాతను వాడుకున్నారు.

భార్యనూ కూతురినీ నాజీల చేతిలో పోగొట్టుకున్న ఫ్రెంచి యూదు చరిత్రకారుడు జ్యూల్ ఇజాక్ 1960 జూనులో పోపు 23వ జాన్‌ను కలిశాడు. యూదుల పట్ల ధిక్కారాన్ని నేర్పే బోధను సవరించమని అడిగాడు. కథోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభలో ఆ పని జరిగింది. 1965 అక్టోబరు 28న “నోస్త్రా ఎతాతె” ప్రకటన 2,221 ఓట్లతో ఆమోదం పొందింది, వ్యతిరేకించినవి 88. యేసు మరణాన్ని అప్పటి యూదులందరి మీదా, ఇప్పటివాళ్ల మీదా మోపకూడదనీ, దేవుడు వాళ్లను తోసిపుచ్చినట్టు చూపకూడదనీ అందులో ఉంది. ఒలీవ చెట్టును కూడా అందులో గుర్తుచేశారు.

మన ప్రొటెస్టెంటు పల్పిట్ల దాకా ఆ గాలి ఎంతవరకు వచ్చిందో చెప్పలేను. మంచి శుక్రవారం నాడు “యూదులు యేసును చంపారు” అన్న వాక్యం మొన్నమొన్న కూడా నా చెవిన పడింది. సిలువ వేయడం రోమీయుల శిక్ష. శిష్యులూ యూదులే, ఏడ్చిన స్త్రీలూ యూదులే, సిలువ మీద ఉన్నవాడూ యూదుడే.

యూదులు క్రైస్తవం గురించి ఏమంటారు?

ఒక్క గొంతుతో అనరు. కానీ ఒక పాత పుట చూపించాలి. 12వ శతాబ్దంలో ఈజిప్టులో ఉన్న యూదు పండితుడు మైమోనిదెసు తన ధర్మశాస్త్ర సంకలనంలో, రాజుల విధుల గురించిన భాగం చివర, యేసు మెస్సీయ కాడని కఠినంగానే రాశాడు. వెంటనే ఇంకో మాట అన్నాడు: సృష్టికర్త ఆలోచనలు మనిషికి అందవు, క్రైస్తవమూ ఇస్లామూ మెస్సీయ కోసం దారి చదును చేస్తున్నాయి, తోరా మాట దూర ద్వీపాల దాకా వాటి వల్లే చేరింది. దానికి ఆధారంగా జెఫన్యా 3:9 చూపాడు. క్రైస్తవ అధికారుల సెన్సారు వల్ల అచ్చు ప్రతుల్లో ఈ భాగం శతాబ్దాల పాటు కనిపించలేదు. తమకు చోటిచ్చిన పేరాను తామే కొట్టేశారన్నమాట.

దగ్గరి కాలంలో 2000 సెప్టెంబరులో యూదు పండితులు “దబ్రు ఎమెత్” అనే ప్రకటన వెలువరించారు. యూదులకూ క్రైస్తవులకూ మధ్య మానవ ప్రయత్నంతో తీరని భేదం దేవుడు లోకమంతటినీ విమోచించేదాకా తీరదని అందులో ఉంది. 2015 డిసెంబరులో కొందరు సనాతన రబ్బీలు (యూదు మతగురువులు) ఇంకా ముందుకు వెళ్లి, క్రైస్తవం ప్రమాదవశాత్తూ పుట్టింది కాదన్నారు. యూదుల్లో ఇలాంటి సంభాషణ వద్దన్నవాళ్లూ ఉన్నారు. రబ్బీ జోసెఫ్ సొలొవేచిక్ 1964లోనే, సమాజ సేవలో కలిసి పనిచేద్దాం కానీ విశ్వాసం లోలోతుల గురించి బేరసారాలు వద్దన్నాడు. ఆ మాటను నేను గౌరవిస్తాను.

ఉమ్మడి గమ్యం అంటే సరిగ్గా ఏమిటి?

జెఫన్యా 3:9 దగ్గరికే వద్దాం. జనాలందరూ యెహోవా పేరున ప్రార్థించేలా దేవుడు వాళ్లకు పవిత్రమైన పెదవులు ఇస్తాడు, అందరూ ఆయనను “ఒకే భుజంతో” సేవిస్తారు. హీబ్రూలో ఉన్నది అదే, భుజం. మైమోనిదెసు ఎత్తుకున్న ఈ వచనాన్నే 1965లో వాటికన్ ప్రకటన కూడా ఎత్తుకుంది: దేవుడికి మాత్రమే తెలిసిన ఆ దినాన జనాలన్నీ ఒకే గొంతుతో పిలిచి, భుజం కలిపి సేవిస్తాయి. ఒకరినొకరు ఒప్పుకోని రెండు వైపులు ఎనిమిది శతాబ్దాల తేడాతో తడుముకుని ఒకే వచనం మీద చేయి వేశాయి.

పాత గ్రీకు అనువాదకులు ఆ భుజాన్ని “ఒకే కాడి కింద” అని మార్చారు. ఆ బొమ్మ మనకు ఇంకా దగ్గర. ఒకే కాడి మోసే జోడెడ్లు ఒకే రంగువి కానక్కరలేదు, ఒకదాన్ని మరొకటి మింగనక్కరలేదు.

రోజూ చేసే ప్రార్థనల్లోనూ ఇది ఉంది. సమాజమందిరంలో చెప్పే కద్దిష్ అనే ప్రార్థన దేవుడి మహా నామం పరిశుద్ధపరచబడాలని, ఆయన తన రాజ్యం త్వరగా స్థాపించాలని కోరుతుంది. “నీ నామము పరిశుద్ధపరచబడును గాక, నీ రాజ్యము వచ్చును గాక” అని చర్చిలో చెప్పేవాళ్లకు వేరే వివరణ ఎందుకు? పస్కా రాత్రి యూదుల ఇంట్లో ఏలీయా కోసం ఒక గిన్నె పోసి ఉంచుతారు. తొలి క్రైస్తవులు అరామిక్‌లోనే “మారనాథా” అన్నారు, ప్రభువా రమ్ము అని. వచ్చేవాడు ముందు ఒకసారి వచ్చాడా లేదా అన్నదే తగాదా. రాజ్యం ఇంకా పూర్తిగా రాలేదన్న విషయంలో ఇద్దరికీ ఏ తేడా లేదు.

1948 ప్రవచన నెరవేర్పా?

గోడమీది పటం అవునంది. ఆ పటానికి మూలం 19వ శతాబ్దపు జాన్ నెల్సన్ డార్బీ బోధ. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు దాన్ని ఇంటింటికీ చేర్చింది.

యూదుల్లోనే ఒక జవాబు లేదు. ఇశ్రాయేలు దేశపు ప్రధాన రబ్బీలు ఆమోదించిన ప్రార్థన ఆ రాజ్యాన్ని “మా విమోచన తొలి మొలక” అంటుంది. సత్మార్ హసీదులనే సనాతన యూదు వర్గంవాళ్లు మెస్సీయ రాకముందే రాజ్యం కట్టడం పాపమంటారు. వాటికన్ 1985లో, ఆ దేశాన్ని మతదృష్టితో కాక అంతర్జాతీయ న్యాయసూత్రాలతో చూడాలంది, 1993లో దౌత్య సంబంధాలకు ఒప్పుకుంది. యెరూషలేములోని కొందరు సంఘాధిపతులు 2006లో క్రైస్తవ జియోనిజాన్ని, అంటే బైబిలు పేరున ఇశ్రాయేలు రాజ్యాన్ని సమర్థించే బోధను, తప్పుడు బోధ అన్నారు. పాలస్తీనా క్రైస్తవులు 2009లో “కైరోస్” పత్రంలో తమ గోడు చెప్పుకున్నారు. వాళ్లూ అదే బైబిలు చదువుతారని మన సభల్లో ఎవరికీ గుర్తుండదు.

మారణహోమం నుంచి మిగిలిన జనానికి తలదాచుకునే చోటు దొరకడంలో దేవుడి నమ్మకత్వం చూసేవాణ్ణి నేను తప్పుపట్టను. యెహెజ్కేలు 37లోని ఎండిన ఎముకలు చదివి 1945 తరువాత ఎవరి గుండె కదలదు? అయితే ప్రవచనమని చెప్పి ఒక ప్రభుత్వం చేసే ప్రతి పనికీ దైవముద్ర వేస్తే, ప్రవక్తలే ముందు లేచి అడ్డుపడతారు. యెహెజ్కేలు 47:22 భూమి పంచేటప్పుడు మీ మధ్య ఉండి పిల్లల్ని కన్న పరదేశులకు కూడా వాటా ఇమ్మంటుంది. ఆ వచనం ఏ పటంలోనూ నేను చూడలేదు.

గోగు మాగోగు ఏ దేశం?

యెహెజ్కేలు 38, 39 అధ్యాయాల్లో ఇశ్రాయేలు మీదికి దండెత్తే శత్రువు గోగు. నాలుగో శతాబ్దంలో బిషప్పు అంబ్రోసు అది గోత్ జాతి అన్నాడు. అమెరికా, సోవియట్‌ల ప్రచ్ఛన్నయుద్ధంలో రష్యా అన్నారు. వార్తలు మారినప్పుడల్లా గోగు ఇల్లు మారుతున్నాడు.

తేదీ లెక్క కట్టవచ్చా?

వద్దు. రబ్బీ అకీవా అంతటివాడు, రోముపై తిరుగుబాటు నడిపిన బార్ కోఖ్బాను మెస్సీయ అన్నాడు. 132లో మొదలైన తిరుగుబాటు 135లో రక్తపాతంతో ముగిసింది. “అకీవా, నీ చెంపల మీద గడ్డి మొలుస్తుంది, దావీదు కుమారుడు అప్పటికీ రాడు” అని సాటి రబ్బీ ఒకడు ముందే అన్నాడట. 1666లో షబ్బెతై త్స్వీని మెస్సీయ అని నమ్మి చాలామంది ఇళ్లూ వ్యాపారాలూ అమ్ముకున్నారు, అతను సుల్తాను ఎదుట ఇస్లాం పుచ్చుకున్నాడు. మనవైపు విలియం మిల్లరు అనుచరులు 1844 అక్టోబరు 22న క్రీస్తు తిరిగి వస్తాడని ఆకాశం వైపు చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నారు.

అంతాన్ని లెక్క కట్టేవాళ్ల ఎముకలు పగిలిపోవాలని రబ్బీల చర్చల సంకలనమైన తల్మూదు శపించింది. కాలాలూ సమయాలూ తెలుసుకోవడం మీ పని కాదని అపొస్తలుల కార్యాలు 1:7లో యేసు అన్నాడు. ఇంత గట్టి ఏకాభిప్రాయం ఈ ఇద్దరి మధ్య ఇంకెక్కడా దొరకదు.

యూదులకు సువార్త చెప్పాలా?

సంఘాలు ఏకాభిప్రాయంతో లేవు. అనేక ఇవాంజెలికల్ సంఘాలు తప్పక చెప్పాలంటాయి. యేసును మెస్సీయగా నమ్ముతూ యూదులుగానే ఉంటామనే వాళ్లూ ఉన్నారు. కథోలిక సంఘం 2015లో, యూదులను ఉద్దేశించిన సంస్థాగత మిషను పనిని తాము నడపమనీ బలపరచమనీ చెప్పింది, వ్యక్తిగత సాక్ష్యాన్ని మాత్రం కాదనలేదు. అడిగితే నా నమ్మకం దాచను. అవతలివాడి అమ్మమ్మకు బలవంతంగా బాప్తిస్మమిచ్చిన చరిత్ర గుర్తుపెట్టుకుని, ముందు వింటాను.

తెలుగునాట యూదులు ఉన్నారా?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమూహం ఉంది. మాదిగ నేపథ్యం, ముందు తరాల్లో బాప్టిస్టు క్రైస్తవం. తాము ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము వాళ్లమని చెప్పుకుని, 1990ల నుంచి సమాజమందిరం, విశ్రాంతిదినం, హీబ్రూ ప్రార్థనలు పాటిస్తున్నారు. ఇశ్రాయేలు దేశం వాళ్లను అధికారికంగా గుర్తించలేదు. వంశం సంగతి చరిత్రకారులు తేల్చుకోనీ. దళితులుగా ఊరి చివరకు నెట్టబడ్డవాళ్లు చెదరిపోయిన గోత్రాలను తిరిగి కూర్చుతానన్న ప్రవచనాన్ని తమ పేరు మీద చదువుకోవడం నాకు వింతగా అనిపించదు.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రకటన గ్రంథంతో వద్దు. రోమా 9–11 ఒకే కూర్చుండటంలో చదవండి. తరువాత జెఫన్యా, మొత్తం మూడే అధ్యాయాలు, 53 వచనాలు. పావుగంట చాలు. మూడో అధ్యాయం తొమ్మిదో వచనానికి ఉరకకుండా, అంతకు ముందు మూడు, నాలుగు వచనాల దగ్గర ఆగండి. పట్టణంలో ఎవరి మీద ప్రవక్త కోపపడుతున్నాడో వరుసగా పేర్కొంటాడు: అధిపతులు, న్యాయాధిపతులు, ప్రవక్తలు, యాజకులు.